ముప్పై ఇళ్లకి కబురు పెడితే నలుగురే ఎందుకొచ్చారు?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. బెంగళూరు శివార్లలోని ఒక ఇటుక బట్టీ నుంచి మూడేళ్ల కిందట ముప్పై తెలుగు కుటుంబాలను విడిపించారు. పాలమూరు వైపు వాళ్లు కొందరు, కదిరి వైపు వాళ్లు కొందరు, అంతా ఎస్సీలే. కొట్టడం, కూలి ఎగ్గొట్టడం, ఆడవాళ్ల మీద అఘాయిత్యం అన్నీ జరిగాయి. వెట్టి చాకిరీ చట్టం, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం రెండింటి కిందా కేసు నడుస్తోంది. విడుదలైన వాళ్లు ఇప్పుడు షెడ్లలో ఉంటూ బిల్డింగ్ పనులకు పోతున్నారు. మీ సంస్థ ఒక రిటైర్డ్ జడ్జిని పిలిచి ప్రజా విచారణ పెట్టాలనుకుంది. దానికోసం రెండు మీటింగులు పెడితే నలుగురు వచ్చారు, వాళ్లూ నోరు విప్పలేదు. ‘బాధితులకే ఆసక్తి లేకపోతే న్యాయ ప్రక్రియలో వాళ్లని ఎలా భాగం చేయాలి మేడమ్?’ అన్నది మీ ప్రశ్న.

నాకు పేచీ ఆ ‘ఆసక్తి లేకపోతే’ దగ్గరే. మీటింగు ఎప్పుడు పెట్టారని మీకు ఫోన్ చేసి అడిగితే ఆదివారం పొద్దున పదింటికి అన్నారు. బెంగళూరులో చాలా సైట్లలో ఆదివారం పొద్దునే బటవాడా. వారం కూలి చేతికొచ్చేది, బియ్యం కొనేది, ఊళ్లో పిల్లలకి డబ్బు పంపేది అప్పుడే. ఆ పూట మేస్త్రీ ఎదుట లేకపోతే ఆ వారం కూలి సంగతి అంతే. నేనూ ఇదే తప్పు చేశాను. ఇరవై ఏళ్ల కిందట నలభై కుర్చీలు అద్దెకి తెచ్చి, టీ చెప్పి, పదిన్నర దాకా ఎదురుచూశాను. ఆరుగురొచ్చారు. అందులో ఇద్దరు మేస్త్రీ చుట్టాలని తర్వాత తెలిసింది.

మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చిన కొత్తలో నా పని లాయర్లకి తెలుగు–కన్నడ తర్జుమా చేయడం. ఆ తర్వాతే కూలీల కేసుల్లో పూర్తిగా దిగాను. అందుకే భాష సంగతి ముందు చెప్తాను. మీ ప్రశ్నలో అది ఎక్కడా లేదు, కానీ సగం కేసు అక్కడే పోతుంది.

ఒక కేసులో ఎస్సై బట్టీలో పనిచేసిన ఒకామెని కన్నడంలో అడిగాడు: ‘మేస్త్రి తొందరె కొట్టనా?’ కన్నడంలో దాని అర్థం, మేస్త్రీ నిన్ను ఇబ్బంది పెట్టాడా అని. అక్కడ ‘తొందరె’ అంటే ఇబ్బంది, ‘కొట్ట’ అంటే ఇచ్చాడు. ఆమె పాలమూరు మనిషి, బెంగళూరొచ్చి నాలుగు నెలలు. ఆమె చెవికి వినబడింది ‘కొట్టాడా’ అన్న ఒక్క మాటే. నిజంగానే ఆమెని అతను కొట్టలేదు. చేసింది అంతకంటే ఘోరం. ‘లే సార్, కొట్టలే’ అంది. కాగితం మీద ‘మేస్త్రీ నాకు ఏ ఇబ్బందీ కలిగించలేదు’ అని పడింది. ఏడాదిన్నర తర్వాత కోర్టులో ఆమె అసలు సంగతి చెబితే, డిఫెన్స్ లాయరు ఆ కాగితం తీసి ‘ఇదంతా తర్వాత కల్పించుకున్న కథ’ అన్నాడు. ఎవరూ కావాలని చేసింది కాదు, ఆ ఎస్సై కూడా చెడ్డవాడు కాడు. పక్కన తెలుగు తెలిసిన మనిషి లేదు, అంతే.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఇంకొకామె ‘నన్ను ఆగం జేసిండు’ అంటే నేను ‘వేధించాడు’ అని తర్జుమా చేశాను. ‘ఆగం’ అంటే తెలంగాణలో నాశనం, మా వైపు ఆ మాట లేదు. ఏ అర్థంలో అంటున్నావమ్మా అని అడగాల్సింది, అడగలేదు. తెలుగు వచ్చినంత మాత్రాన అందరి తెలుగూ వచ్చినట్టు కాదని ఆ రోజు తెలిసింది. ‘బాకీ’ అన్న మాటతోనూ జాగ్రత్త. కూలీ ‘సేటుకి బాకీ ఉన్నాం’ అంటాడు. కాగితంలో ‘అప్పు తీసుకున్నారు’ అని రాస్తారు. అడ్వాన్స్ ఇచ్చి, దాన్ని అడ్డం పెట్టుకుని మనిషిని కదలనివ్వకపోవడమే 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. ఆ ఒక్క మాట మారితే నేరం కాస్తా డబ్బు తగాదా అయిపోతుంది. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ప్రజా విచారణ కాదు. ఎఫ్ఐఆర్, వాంగ్మూలాల కాపీలు తీసుకుని షెడ్లకి వెళ్లి, ఎవరిది వాళ్లకి వాళ్ల తెలుగులో చదివి వినిపించండి. ‘నేను ఇట్ల చెప్పలే’ అని ఒకరిద్దరైనా అంటారు. మీ సంస్థ మీద నమ్మకం అక్కడ మొదలవుతుంది. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు తెలుగులోనే చెప్పడానికి, రాసుకున్నది తిరిగి తెలుగులో వినిపించమని అడగడానికి సాక్షికి హక్కుందని కూడా అప్పుడే చెప్పండి.

రెండో సంగతి, మీరు ‘కమ్యూనిటీ’ అని ఏడుసార్లు రాశారు, లెక్కపెట్టాను. ఆ షెడ్లలో కమ్యూనిటీ ఒకటి కాదు. వాళ్లని బట్టీకి తీసుకొచ్చిన మేస్త్రీ ఎవరు? వాళ్ల ఊరివాడే, చాలాసార్లు వాళ్ల కులంవాడే. ఒకరికి మేనమామ, ఇంకొకరికి బావ. మీ ఎఫ్ఐఆర్‌లో ఓనరు ఏ1, అంటే మొదటి నిందితుడు అయితే, ఆ బావ ఏ3 అయి ఉంటాడు. రేపు ఊళ్లో పెళ్లికి వెళ్లినా, చావుకి వెళ్లినా ఎదురుపడేది వాడే. అలాంటి చోట మైకు పెట్టి, కెమెరా పెట్టి, అందరి ముందూ చెప్పమంటే ఎవరు చెప్తారు? ఆడవాళ్లతో విడిగా, ఆడవాళ్లే మాట్లాడాలి. అది కూడా ఇంటి దగ్గర కాదు. పనికి పోయే దారిలోనో, పిల్లల్ని అంగన్‌వాడీలో దింపే చోటో పదేసి నిమిషాలు, చాలాసార్లు. మాకు ఒక్క మనిషితో ఐదు నెలలు పట్టింది. డబ్బిచ్చే సంస్థల క్యాలెండర్‌లో ఈ ఐదు నెలలకి గడి ఉండదు.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారని, కొన్ని కుటుంబాలు డబ్బు తీసుకున్నాయని రాశారు. మీ రాతలో కాస్త కోపం కనిపించింది. వాళ్లని తప్పు పట్టకండి. ఈ సెక్షన్లలో రాజీకి చట్టం ఒప్పుకోదు, నిజమే. కానీ రాజీ కోర్టు బయట జరుగుతుంది. కోర్టు లోపలికి వచ్చేసరికి అది ‘నాకేమీ గుర్తులేదు’ అన్న సాక్ష్యంగా మారుతుంది.

దీనికి మనకి దగ్గరలోనే పెద్ద ఉదాహరణ ఉంది. చింతామణి తాలూకాలోని కంబాలపల్లి. కర్ణాటకే అయినా ఆ చుట్టుపక్కల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. 2000 మార్చి 11న అక్కడ ఏడుగురు దళితులను సజీవ దహనం చేశారు. 2006లో కోలారు సెషన్స్ కోర్టు నిందితులందరినీ వదిలేసింది, సాక్షులు ఎదురు తిరిగారు. 2014లో హైకోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది. అప్పుడు ‘వాళ్లే సాక్ష్యం చెప్పలేదు, ఇంకేం చేస్తాం’ అన్నవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆరేళ్ల పాటు ఆ సాక్షులు ఎవరి పొలాల పక్కన బతికారో, ఎవరి దగ్గర పనికి పోయారో, కోర్టుకి ఎలా వెళ్లొచ్చారో అడిగినవాళ్లు తక్కువ.

దానికి పక్కనే చుండూరు పెట్టి చూడండి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. అక్కడి జనం ఏడుస్తూ ఎవరో వచ్చి ఏదో చేస్తారని కూర్చోలేదు. శవాలను ఊరి నడిబొడ్డున పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. కోర్టు మా ఊరికే రావాలి అన్నారు. వినడానికి మొండితనంలా ఉంటుంది. ఆలోచిస్తే ఎంత తెలివైన కోరికో తెలుస్తుంది. కోర్టు దూరంగా ఉంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు పడుతుంది, దారిలో బెదిరిస్తారు, వాయిదా అని తిప్పి పంపిస్తారు. కోర్టు ఊళ్లో ఉంటే వాయిదా పడినా మధ్యాహ్నానికి పనికి పోవచ్చు. తమకి నమ్మకమున్న లాయరే ప్రాసిక్యూటర్‌గా ఉండాలని పట్టుబట్టి బి. చంద్రశేఖర్ గారిని వేయించుకున్నారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది.

కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది, కానీ మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కంబాలపల్లిలో హైకోర్టు తీర్పొచ్చిందీ అదే ఏడాది. మరి రెండింటికీ తేడా ఏముంది అని మీరు అడగొచ్చు. చుండూరులో అన్నేళ్లు గడిచాక కూడా సాక్షులు నిలబడి చెప్పారు. ఎక్కడ, ఎవరి ముందు, ఎవరి ద్వారా చెప్పాలన్నది వాళ్లు కోరుకున్నట్టే జరిగింది కాబట్టి. జనం పాల్గొంటే గెలుస్తామని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. మేం ఇచ్చి ఒకసారి దెబ్బతిన్నాం. ఓడిపోయాక మొహం చూపించలేక ఏడాది పాటు ఆ కాలనీకే వెళ్లలేదు. అంతకంటే సిగ్గుమాలిన పని నేను చేయలేదు.

తమిళనాడు ధర్మపురి జిల్లాలోని వాచాత్తి గురించి మీ టీమ్‌లో అందరికీ చెప్పండి. 1992 జూన్ 20న చందనం స్మగ్లింగ్ పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజన ఊరి మీద పడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు, 18 మంది ఆడవాళ్లపై అత్యాచారం చేశారు. మొత్తం 269 మంది నిందితులు. 2011లో తీర్పు వచ్చేలోగా 54 మంది చనిపోయారు, మిగిలిన 215 మందికీ శిక్ష పడింది. అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకి వెళ్లాయి. తీర్పు చెప్పే ముందు, 2023 మార్చిలో జస్టిస్ వేల్మురుగన్ స్వయంగా ఆ ఊరు వెళ్లి ప్రదేశాలు చూసి, మనుషులతో మాట్లాడారు. ఆ సెప్టెంబర్ 29న శిక్షలు ఖాయమయ్యాయి. ఒక్కో బాధితురాలికి పది లక్షలు, అందులో సగం దోషుల దగ్గర వసూలు చేయాలన్నారు. ఉద్యోగమో స్వయం ఉపాధో చూపించాలన్నారు. అప్పటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద కూడా చర్య తీసుకోమన్నారు. 31 ఏళ్లు. జడ్జి ఊరికి వెళ్లడం మంచిదే, నేను కాదనను. కానీ ముప్పై ఏళ్ల పాటు ఆ కేసు చావకుండా చూసింది ఆ ఊరి ఆడవాళ్లు, వాళ్ల వెంట ఉన్న గిరిజన సంఘం.

‘నష్టపరిహారం’ అనగానే మన బుర్రలో చెక్కు మెదులుతుంది. అడిగి చూడండి, వేరే జవాబులు వస్తాయి. గ్వాటెమాలాలో సెపూర్ సార్కో అనే చోట 1980ల్లో సైన్యం కెక్చీ తెగ ఆడవాళ్లని శిబిరంలో బానిసలుగా ఉంచుకుంది. భూమి పట్టాలు అడిగినందుకు అంతకుముందే వాళ్ల భర్తల్ని మాయం చేసింది. 2011లో పదిహేను మంది కోర్టుకెక్కారు, 2016 ఫిబ్రవరిలో ఒక మాజీ సైనికాధికారికి, ఒక మాజీ మిలిటరీ కమిషనర్‌కి శిక్షలు పడ్డాయి. కోర్టు వాళ్ల కోసం, వాళ్ల ఊళ్ల కోసం 18 రకాల పరిహార చర్యలు ఆదేశించింది. అందులో ఆసుపత్రి ఉంది, బడి ఉంది, పిల్లలకి స్కాలర్‌షిప్ ఉంది, అటకెక్కించిన భూమి ఫైళ్లు మళ్లీ తెరవడం ఉంది. గొడవ మొదలైంది భూమి దగ్గర కాబట్టి, అత్యాచారం కేసులో భూమి ఫైలు. బయటి లాయరుకి ఇది తట్టదు.

అడిగి వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాం. దక్షిణాఫ్రికా సత్య నిర్ధారణ కమిషన్ ముందు ఇరవై వేల మందికి పైగా తమ కథలు చెప్పుకున్నారు. వాళ్లకి ఆరేళ్ల పాటు ఏటా భృతి ఇవ్వాలని కమిషన్ చెప్పింది. ప్రభుత్వం 2003లో ఒకేసారి 30,000 ర్యాండ్లు అని తేల్చేసింది. క్షమాభిక్ష అడిగిన నేరస్తుల ఫైళ్లు మాత్రం అప్పటికే ఎప్పుడో నడిచాయి. శ్రీలంకలో అంతర్యుద్ధం నాటి నేరాల మీద 2016లో ఊరూరా తిరిగి ఏడు వేలకి పైగా అభిప్రాయాలు సేకరించి, 2017 జనవరిలో నివేదిక ఇచ్చారు. అందులో ముఖ్యమైన సిఫార్సు, విదేశీ జడ్జీలు కూడా ఉండే కోర్టు. దాన్ని ప్రభుత్వం ఒప్పుకోలేదు. తమిళనాడు క్యాంపుల్లో ఉన్న శ్రీలంక తమిళుల్ని అడగండి, ‘మళ్లీ చెప్పాలా?’ అంటారు. మీ షెడ్లలోనూ అదే ప్రశ్న ఉంది. పోలీసుకి చెప్పారు, తహసీల్దారుకి చెప్పారు, మూడు ఎన్జీఓలకి చెప్పారు, ఒక టీవీ చానెల్‌కి చెప్పారు. ఇప్పుడు మీకు.

చట్టంలో మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, వేగంగా చెప్తాను. అట్రాసిటీ చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 15ఏ ప్రకారం బెయిల్‌తో సహా ప్రతి విచారణకి బాధితులకి ముందే నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు హరిరామ్ భంభీ కేసులో చెప్పింది. మీ కేసులో ఓనరుకి బెయిల్ వచ్చిన రోజు ఎవరికైనా నోటీసు అందిందా? కనుక్కోండి. అదే చట్టం రూల్స్‌లో నాలుగోది చూడండి. బాధితులు కోరితే కలెక్టరు సీనియర్ లాయర్ని పెట్టొచ్చు. పదకొండో రూల్ కింద కోర్టుకి వచ్చిన రోజుకి ప్రయాణ ఖర్చు, కనీస కూలికి తగ్గని భత్యం ఇవ్వాలి. నేను చూసిన కేసుల్లో పదికి ఒకరు కూడా దీన్ని అడగలేదు, అడిగిన వాళ్లకి విసుక్కుంటూనైనా ఇచ్చారు. సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లో బాధితులకి చెప్పాలి. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలన్నా ముందు బాధితుల మాట వినాలి.

రిలీజ్ సర్టిఫికెట్లు, అంటే వెట్టి నుంచి విడిపించామని అధికారులు ఇచ్చే కాగితాలు, అందరికీ ఉన్నాయా? కుటుంబానికి ఒకటి కాదు, మనిషికి ఒకటి, ఆడవాళ్లకి వేరుగా. కేంద్ర పునరావాస పథకం కింద మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ రెండు లక్షలు, లైంగిక దోపిడీ లాంటివి జరిగితే మూడు లక్షలు. తక్షణ సాయం వేరుగా వస్తుంది, దానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. పెద్ద మొత్తం మాత్రం కేసుతో ముడిపడి ఉంది. ఆ ముడి వల్లే జనం రాజీ డబ్బుకి లొంగుతారు. రేపెప్పుడో వచ్చే రెండు లక్షల కంటే ఇవాళ చేతిలో పడే ఇరవై వేలు పెద్దవి. సాక్షులు నిలబడాలంటే మీ సంస్థ జడ్జి గారి భోజనం, హాలు అద్దె ఖర్చు తగ్గించి, తక్షణ సాయం కోసం డీసీ (ఇక్కడ కలెక్టర్ని అలా అంటారు) ఆఫీసు చుట్టూ తిరగడానికి ఒక మనిషిని పెట్టండి.

ప్రజా విచారణ అసలు వద్దా అంటే, ఇప్పుడు వద్దు. కేసు నడుస్తుండగా బహిరంగంగా చెప్పిన ప్రతి మాటా రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో తిరిగొస్తుంది. ఇక్కడ పద్నాలుగు మంది అన్నావు, కోర్టులో పదహారంటున్నావు అని. సాక్ష్యాలు పూర్తయ్యాక, వాళ్లే కావాలంటే పెట్టండి. ఎక్కడ పెట్టాలో కూడా వాళ్లనే అడగండి. మేం ఒకసారి అడిగితే టౌన్ హాల్ వద్దు, ప్రెస్ క్లబ్ వద్దు, ఊళ్లో మేస్త్రీ ఇంటి ముందు పెట్టమన్నారు. మాకు గుండెల్లో దడ. రెండు వారాలు టెన్షన్‌తో నిద్ర లేదు. పెట్టాం. ఏ గొడవా కాలేదు. ఆ రోజు ఒక ముసలాయన మైకు తీసుకుని తన మీద జరిగిన దెబ్బల గురించి ఒక్క మాటా చెప్పలేదు. బట్టీలో ఉన్నప్పుడు తమ్ముడి దినాలకి పోనివ్వలేదని, అదొక్కటే చెప్పి కూర్చున్నాడు. మా రిపోర్టులో దానికి గడే లేదు.

రికార్డింగ్ విషయం. ఎవరి వీడియో తీసినా, ఎప్పుడు వద్దంటే అప్పుడు చెరిపేస్తామని చెప్పండి. చెప్పాక నిజంగా చెరపండి. మా దగ్గర ఒకామె కూతురికి సంబంధం కుదిరాక వచ్చి చెరపమంది. మా వాళ్లలో ఒకరు ‘మంచి టెస్టిమొనీ పోతుంది’ అన్నారు. ఆమె ఎదురుగానే చెరిపేశాం. నాలుగేళ్ల తర్వాత ఆమే తన చెల్లెల్ని తీసుకొచ్చింది, వేరే కేసుకి.

ఇక మీరు చివర్లో అడిగిన మాట: వచ్చే నెల మూడో ఆదివారం జడ్జి గారి డేట్ తీసేసుకున్నాం, ఏం చేయమంటారు అని. ఆయనకి ఫోన్ చేసి, సాక్ష్యాలు అయ్యేదాకా వాయిదా అనండి. నాకు తెలిసిన రిటైర్డ్ జడ్జీల్లో ఇది అర్థం చేసుకోనివారు లేరు, పైగా సంతోషిస్తారు. ఈలోగా ఏదైనా ఒక గురువారం సాయంత్రం ఏడున్నర తర్వాత షెడ్లకి వెళ్లండి. అప్పటికి వంటలు మొదలవుతాయి, మగవాళ్లు స్నానాలు చేసి వస్తుంటారు. బ్యానరు వద్దు, ఫోన్ బయటికి తీయొద్దు. వాంగ్మూలాల కాపీలు, పాలమూరు యాస తెలిసిన ఒక ఆడమనిషి ఉంటే చాలు. మీకు అలాంటి మనిషి దొరక్కపోతే నాకు చెప్పండి, మా దగ్గర ఒకమ్మాయి ఉంది. ఒకప్పుడు ‘లే సార్, కొట్టలే’ అన్న ఆవిడ కూతురు.